ముందు చేత్తో, తర్వాత తెర మీద

అనంతపురం జిల్లాలోని ఒక పల్లె ప్రాథమిక పాఠశాలలో నేను ఉపాధ్యాయినిని. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు, ఇద్దరం టీచర్లం. మన రాష్ట్రంలో ప్రభుత్వ బడులను బాగుచేసిన నాడు–నేడు పనుల తర్వాత చాలా ప్రాథమిక పాఠశాలలకు వచ్చినట్టే మా బడికీ స్మార్ట్ టీవీ వచ్చింది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే దీక్షా యాప్‌లో ఆ పాఠానికి సంబంధించిన వీడియో తెరుచుకుంటుంది. ఇన్ని సౌకర్యాలు ఉన్నాయి కనుక ఇక చిన్నపిల్లలకు సైన్సు చెప్పడం తేలికైపోయి ఉంటుందని బంధువులూ స్నేహితులూ అంటుంటారు. నాకు మాత్రం టీవీ ఎప్పుడు పెట్టాలన్నది టీవీ ఉండడం కన్నా చాలా పెద్ద విషయంగా కనిపిస్తోంది. ఏ సంగతినైనా పిల్లలు ముందు తమ చేత్తో చేసి, కొలిచి, బొమ్మ గీసి, ఒకరితో ఒకరు వాదించుకుని, ఆ తర్వాత తెర దగ్గరకు వస్తే వాళ్లు తెరను ప్రశ్నలు అడుగుతారు. ముందే తెర చూపిస్తే అది చెప్పిన జవాబును అప్పజెప్పి ఊరుకుంటారు. ఈ తేడాను మా బడిలో ఎలా గమనించానో, ఏ ఏ పనులతో గమనించానో తోటి ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను.

మొదట నీడకర్ర గురించి చెప్పాలి, ఎందుకంటే ఖర్చు లేని ఈ ఒక్క పనిలో ఇంత సైన్సు ఉందని నాకు కూడా చేయిస్తూ ఉంటేనే అర్థమైంది. జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు. ఆ వారంలోనే ఆవరణలో ఎండ బాగా తగిలే చోట, నేలమీద సరిగ్గా ఒక మీటరు పైకి ఉండేలా ఒక కర్ర పాతిస్తాను. అది నిటారుగా ఉందో లేదో చూడడానికి, బేల్దారి పని చేసే ఒక పిల్లవాడి తండ్రి గోడ నిలువు చూసుకునే గుండును తెచ్చి ఇచ్చాడు. దాన్ని ఎలా పట్టుకోవాలో పిల్లలకు తనే నేర్పాడు. నీడ కొన ఎక్కడుందో పావుగంటకోసారి గులకరాయి పెట్టి గుర్తించడం మూడో తరగతి పిల్లల పని. పొడవు కొలిచి రాయడం నాలుగు, ఐదు తరగతుల వారి పని. మధ్యాహ్నం 12 గంటలకు సూర్యుడు నడినెత్తిన ఉంటాడని ప్రతి పిల్లకూ తెలుసు. పెద్దలు చెప్పారు, పుస్తకాల్లో బొమ్మ ఉంది. అయితే కర్ర ఆ మాటను రెండు రకాలుగా కాదంటుంది. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండేది 12 గంటలకు కాదు, జూన్‌లో ఇంచుమించు 12 గంటల 20 నిమిషాలకు. అప్పుడు కూడా నీడ పూర్తిగా పోదు. జూన్ 21 నాటికి మీటరు కర్రకు సుమారు 15 సెంటీమీటర్ల నీడ మిగులుతుంది, అదీ దక్షిణం వైపుకు.

ఆ ఇరవై నిమిషాలు ఎక్కడివో ఐదో తరగతి పిల్లలు గుణకారంతోనే తేల్చగలరు. మన దేశమంతటికీ గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. అనంతపురం దానికి దాదాపు 5 డిగ్రీలు పడమరన ఉంది. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి కాకినాడ వాళ్లకు మధ్యాహ్నమైన ఇరవై నిమిషాలకు గానీ మనకు మధ్యాహ్నం కాదు. ఈ లెక్క పూర్తయ్యాక ఒక అమ్మాయి గోడగడియారం వైపు చూపించి, “అయితే ఇది కాకినాడ టైమా మేడమ్, మన టైం కాదా?” అని అడిగింది. రేఖాంశాల పాఠాన్ని ఎన్ని వీడియోలతో చెప్పినా ఆ ప్రశ్న వచ్చేది కాదని నా నమ్మకం.

జూలై అంతా నీడ కొంచెం కొంచెంగా తగ్గుతూ పోతుంది. ఆగస్టు 12 ప్రాంతంలో మధ్యాహ్నం 12 గంటల 25 నిమిషాల వేళకు అనంతపురంలో నిటారుగా నిలబెట్టిన వస్తువుకు నీడే ఉండదు. ఉష్ణమండలంలో ఉన్న ఊళ్లన్నిటికీ ఇటువంటి రోజులు ఏడాదికి రెండు వస్తాయి. మనకు మొదటిది ఏప్రిల్ నెలాఖరులో వస్తుంది గానీ అప్పటికి వేసవి సెలవులు ఇచ్చేసి ఉంటారు, కనుక ఆగస్టులో వచ్చేదే బడికి దక్కుతుంది. మబ్బు పడితే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. ఒక రోజు అటూ ఇటూ అయినా మీటరు కర్రకు వచ్చే నీడ అర సెంటీమీటరు ప్రాంతంలోనే ఉంటుంది, కాబట్టి ఆ వారమంతా కాచుకుని ఉంటే ఏదో ఒక రోజు మబ్బు విడుస్తుంది. పిల్లలు కర్రతో ఆగలేదు; నీళ్ల సీసా, గ్లాసు, సుద్దముక్కల డబ్బా, చివరకు చీపురు కూడా నిలబెట్టి చూశారు. ఆ వారం గడిచాక నీడ ఉత్తరం వైపుకు తిరిగింది. “నీడ ఈపక్కకొచ్చిండాది మేడమ్!” అని అరిచిన పిల్లవాడు అప్పటివరకు తరగతిలో పెద్దగా నోరు విప్పేవాడు కాదు.

ఫోన్‌కు పని వచ్చింది ఇక్కడే. కర్నూలు మనకు ఉత్తరాన ఉంది, అందువల్ల అక్కడ నీడ లేని రోజు నాలుగు రోజులు ముందుగా, ఆగస్టు 8 ప్రాంతంలో వస్తుంది. అక్కడ పనిచేసే నా స్నేహితురాలి బడికి మా పిల్లలు వీడియో కాల్ చేశారు. మా దగ్గర నీడ మాయమైన వేళకు వాళ్ల మీటరు కర్రకు దాదాపు 2 సెంటీమీటర్ల నీడ ఉత్తరం వైపుకు కనిపించింది. ఒకే సూర్యుడు, ఒకే వేళ, ఒకే పొడవు కర్ర. నీడలు మాత్రం వేరు. ఎందుకని పిల్లలే ఒకరినొకరు ప్రశ్నించుకున్నారు. భూమి గుండ్రంగా ఉండడం వల్లనే ఈ తేడా వస్తుందని, ఇలాంటి తేడానే పట్టుకుని రెండు వేల సంవత్సరాలకు పూర్వం ఎరటోస్తనీస్ అనే ఆయన ఈజిప్టులో ఉండి భూమి చుట్టుకొలతను లెక్కగట్టాడని అప్పుడు చెప్పాను. ఆ తర్వాతనే నా ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపి, స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సూర్యుడి దారిని జూన్ నుంచి డిసెంబరు దాకా వేగంగా నడిపి చూపించాను. డిసెంబరు 22 నాటికి మన కర్ర నీడ ఎంత ఉంటుందో ముందే ఊహించి రాయమంటే అందరూ తలో అంకె రాశారు. ఆ రోజు కొలిస్తే 78 సెంటీమీటర్ల దగ్గర తేలింది. తమ అంకె ఎంత దూరంలో ఉందో చూసుకోవడానికి పిల్లలు పడిన తొందర చూసి, ఊహించడమూ సరిచూసుకోవడమూ అన్న సైన్సు పద్ధతి వాళ్లకు పేరు చెప్పకుండానే అబ్బిందని సంతోషించాను.

నీడకర్ర తర్వాత నాకు అంత ఇష్టమైన పని వేరుశనగ మొక్కతో చేసేది. మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో చెనక్కాయ పంట ఉంది. అయినా మొక్కకు కాయ ఎక్కడ కాస్తుందో బొమ్మ గీయమంటే ఎక్కువమంది కాయలను వేళ్లకే తగిలించారు. మట్టిలో దొరికేదంతా వేరేనని వాళ్ల ఆలోచన. పట్నంలో చదువుకున్న పెద్దలు కూడా అలాగే అనుకోవడం నేను విన్నాను. నేను తప్పని చెప్పలేదు, వీడియో చూపలేదు. అడుగున చిల్లులు పెట్టిన పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాల్లో ఎర్రమట్టి నింపి, గోడ పక్కగా విత్తనాలు వేయించాను, డబ్బా చుట్టూ నల్ల కాగితం చుట్టించాను. విత్తిన నెల రోజుల లోపే పసుపుపచ్చని పూలు వచ్చాయి. ఆ పువ్వు పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుంది. వారం రోజుల తర్వాత, పూత వచ్చిన చోటు నుంచి సన్నటి ఊడ ఒకటి బయలుదేరి నేలవైపు వంగింది. దాన్ని చూసి పిల్లలు కొత్త వేరు వచ్చిందని రాసుకున్నారు. అది మట్టిలోకి దిగిన కొన్నాళ్లకు నల్ల కాగితం విప్పి చూస్తే ఊడ కొన ఉబ్బి కాయ రూపం తీసుకుంటోంది. తాము మొదట గీసిన బొమ్మలను తెచ్చి పక్కన పెట్టుకుని, ఎవరూ చెప్పకుండానే దిద్దుకున్నారు.

ఈ దశలో ఒక రైతు మా బడికి వచ్చి, “ఊడలు దిగే పొద్దుకు నేల గుల్లగా ఉండల్ల మేడమ్, గట్టిగుంటే కాయ కాదు” అన్నారు. జిప్సం ఎందుకు చల్లుతారో కూడా ఆయనే చెప్పారు. జిప్సంలో కాల్షియం ఉంటుంది. ఆ సమయానికి కాయకు కావలసినంత కాల్షియంను అందించడం వేరు ఒక్కదాని వల్ల కాదు. మట్టిలో ఉన్న కాయ తన పెంకు గుండానే నేరుగా తీసుకుంటుంది. పొలంలో తరతరాలుగా తెలిసిన సంగతీ, కదిరి పరిశోధన కేంద్రంలో శాస్త్రజ్ఞులు రకాలను తయారుచేస్తూ పరిశీలించే సంగతీ ఒకటేనని తెలియడం పిల్లలకు చాలా అవసరం. తమ నాన్నకు సైన్సు తెలుసునని ఆ పూట కొందరు పిల్లలు మొదటిసారిగా గ్రహించారు. ఒక డబ్బాలో మాత్రం ఊడలు మట్టికి తగలకుండా అట్టముక్క అడ్డం పెట్టారు. గాలిలోనే ఆగిపోయిన ఊడ కాయ కాలేదు. కాయ కావాలంటే ఊడ మట్టిలోకి దిగాలని తేల్చుకోవడానికి ఆ అట్టముక్క చాలింది.

ఇంత నెమ్మదిగా జరిగే పనిని చూపడానికే ఫోన్ కెమెరా నిజంగా పనికొస్తుంది. ప్రార్థన అయిన వెంటనే, ఇటుక మీద గీసిన గుర్తులో ఫోన్ ఆనించి, రోజుకు ఒక ఫోటో తీసే బాధ్యతను పిల్లలే వంతులు వేసుకున్నారు. సెకనుకు పది ఫోటోల చొప్పున కలిపితే వంద ఫోటోలు పది సెకన్ల సినిమా అవుతాయి. ఆదివారాలూ సెలవులూ వచ్చిన చోట మొక్క ఒక్కసారిగా ఎగిరినట్టు కనిపించింది. ఆ ఎగురుడు ఏ రోజుదో క్యాలెండర్‌తో సరిచూసుకోవడం వాళ్లకు ఒక ఆటగా మారింది. వేరెవరో తీసిన అందమైన వీడియోలో అటువంటి లోపం ఉండదు, కానీ మొక్క పెరుగుదలకూ గడిచిన రోజులకూ ఉన్న సంబంధం ఆ లోపం వల్లనే వాళ్లకు బోధపడింది.

కోడింగ్ గురించి ఇప్పుడు ప్రతి ప్రైవేటు బడి బోర్డు మీదా కనిపిస్తోంది. చిన్న తరగతులకు కోడింగ్ కావాలా అంటే కావాలనే అంటాను. చేయాల్సిన పనిని వరుసగా, స్పష్టంగా ఆదేశాలుగా చెప్పడమే కోడింగ్ కాబట్టి దానికి కంప్యూటర్ చివర్లో వస్తే చాలు. మేము ముగ్గుతో మొదలుపెట్టాం. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేవరకు అని చెబితే మన ఇళ్లలో ఎవరైనా చుక్కలు పెట్టేస్తారు. ఒక అమ్మాయి వెనక్కి తిరిగి నిలబడి నోటితో మాత్రమే చెప్పాలి. ఇంకొకరు ఆ మాటలను ఉన్నదున్నట్టుగా పాటించి వేయాలి. “పక్క చుక్కకు కలుపు” అంటే ఏ పక్క అన్న తగాదా వెంటనే వస్తుంది. కుడి, ఎడమ, ఎన్ని చుక్కలు, ఎన్నిసార్లు అన్నవి స్పష్టంగా చెప్పకపోతే ముగ్గు చెడుతుందని రెండు మూడు ప్రయత్నాల్లోనే తెలుసుకుంటారు. అదే పనిని ఆరుసార్లు చేయాల్సి వచ్చినప్పుడు ఆరుసార్లు చెప్పకుండా “ఇది ఆరుసార్లు చెయ్యి” అని చెప్పడాన్ని వాళ్లే కనిపెట్టారు. మొత్తం చుక్కలు ఎన్నో కూడమంటే 4, 5, 6, 7, 6, 5, 4 కలిపి 37 అని చెప్పారు. ఇంత అయ్యాక, అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన స్క్రాచ్ అనే, పిల్లల కోడింగ్ కోసం చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ల్యాప్‌టాప్‌లో తెరిచాను. ఇంటర్నెట్ లేకపోయినా అది పనిచేస్తుంది కాబట్టి పల్లె బడికి అనువైనది. ముందుకు నడువు, 60 డిగ్రీలు తిరుగు, ఆరుసార్లు చెయ్యి అన్న దిమ్మెలను ఒకదాని కింద ఒకటి పేరిస్తే తెర మీద షడ్భుజి వచ్చింది. అది తమ ముగ్గేనని వాళ్లు గుర్తుపట్టారు. ఇందులో ముందున్నవాళ్లు ఎక్కువగా ఆడపిల్లలు. ముగ్గు వేయడాన్ని పండగ పనిగా తప్ప తెలివిగా ఎవరూ లెక్కించని చోట, ఆ మార్పు చూడడం నాకు చాలా తృప్తినిచ్చింది.

సృజన అన్న మాటకు మా ప్రాంతంలో అన్నిటికంటే దగ్గరి ఉదాహరణ తోలుబొమ్మలాట. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఆ కళకు పేరుపడ్డ ఊరు. 2022లో జిల్లాల విభజన తర్వాత అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేకతోలును పలచగా, వెలుగు దూరేలా చేసి రంగులు వేస్తారు గనుక తెర మీద నల్లటి నీడకు బదులు రంగుల నీడ పడుతుంది. దీన్ని పిల్లలు అట్టముక్కతోనూ కాగితంతోనూ పరీక్షించారు. తెల్ల కాగితానికి కాస్త చెనక్కాయ నూనె రాస్తే, కాగితపు పోగుల మధ్య గాలి ఉన్న చోట నూనె చేరి, వెలుగు చెల్లాచెదురు కాకుండా దాటిపోతుంది. రంగు పెన్సిళ్లతో వేసిన బొమ్మకు నూనె రాసి పాత పంచె వెనక పట్టుకుంటే రంగులన్నీ తెర మీదకు వచ్చాయి. టార్చికీ తెరకూ మధ్య సరిగ్గా సగం దూరంలో బొమ్మను ఉంచితే నీడ బొమ్మకు రెట్టింపు అవుతుందని స్కేలుతో కొలిచి రాసుకున్నారు. ఫోన్ టార్చి చిన్న చుక్క నుంచి వెలుగు ఇస్తుంది గనుక నీడ అంచులు పదునుగా వస్తాయి, ట్యూబులైటు ముందు అదే బొమ్మ నీడ అలుక్కుపోతుంది. చేతులూ తలా విడిగా కత్తిరించి దారంతో కుట్టిన బొమ్మలను నేలమీద పరిచి, కొంచెం కొంచెం కదుపుతూ ఫోటోలు తీసి కదిలే బొమ్మల సినిమా కూడా చేశారు. అర నిమిషం కథకు 300 ఫోటోలు కావాలని లెక్క తేలగానే కథను కుదించుకున్నారు. కథలో ఏది ముఖ్యం, ఏది అక్కర్లేదు అన్న చర్చ తెలుగు పాఠంలో నేను ఎన్నడూ అంత బాగా జరిపించలేకపోయాను.

ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవానికి చాలాచోట్ల దుకాణాల నుంచి తెచ్చిన నమూనాలే బల్లల మీద కనిపిస్తాయి. తల్లిదండ్రులు డబ్బు ఖర్చు పెడతారు, ఎవరో రాసి ఇచ్చిన నాలుగు మాటలు పిల్లలు అప్పజెబుతారు. ఆ థర్మాకోల్ సౌరకుటుంబంలో సూర్యుడూ భూమీ బంతికీ నిమ్మకాయకూ ఉన్నంత తేడాతోనే ఉంటాయి. దానికి బదులు ఆవరణలో 109 సెంటీమీటర్ల అడ్డుకొలతతో ముగ్గుపిండి వృత్తం గీయించండి, అది సూర్యుడు. ఒక సెంటీమీటరు మట్టి ఉండ చేయించండి, అది భూమి. ఆ ఉండను దాని అసలు దూరంలో పెట్టాలంటే దాదాపు 117 మీటర్లు నడవాలి. మా బడి గేటు దాటి, రోడ్డు మీదకు వెళ్లి పెట్టవలసి వచ్చింది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

ఇద్దరు టీచర్ల బడిలో వీటికి సమయం ఎక్కడిదని తోటివారు అడిగితే, వేరే పీరియడు కేటాయించలేదనే చెబుతాను. నీడకర్ర కొలతలు గణితంలోకి వచ్చాయి, ఊడల పరిశీలన పరిసరాల విజ్ఞానంలోకి, బొమ్మల కథ తెలుగులోకి వచ్చాయి. ఐదు తరగతుల పిల్లలు కలిసి కూర్చోవడం ఇటువంటి పనుల్లో లోటు కాదు. పెద్దవాళ్లు కొలుస్తారు, చిన్నవాళ్లు గులకరాళ్లు పెడతారు, మరుసటి ఏడు ఆ చిన్నవాళ్లే కొలతకు వస్తారు. ఒక్కో పిల్లకు ఒక్కో ట్యాబ్ ఇవ్వడం ఈ వయసులో అవసరం లేదని కూడా గట్టిగా అనుకుంటున్నాను. ఐదుగురి మధ్య ఒక ఫోన్ ఉంటే, ఏం తీయాలో ఎక్కడి నుంచి తీయాలో వాళ్లు మాట్లాడుకోక తప్పదు, ఆ మాటల్లోనే చదువు జరుగుతుంది. ఒక జాగ్రత్త మాత్రం పాటిస్తున్నాను: మేము తీసే ఫోటోలు మొక్కవీ, నీడవీ, బొమ్మలవీ, పిల్లల ముఖాలను గ్రూపుల్లో పెట్టడం కోసం ప్రయోగాన్ని మధ్యలో ఆపించను.

రాబోయే పనుల్లో ఒకటి మాత్రం ఇప్పుడే చెప్పుకోవాలి. 2027 ఆగస్టు 2న, సోమవారం సాయంత్రం, సూర్యగ్రహణం మన ప్రాంతంలో పాక్షికంగా కనిపిస్తుంది. కానుగచెట్టు కింద నేలమీద పడే గుండ్రటి వెలుగు మచ్చలు ఆకుల సందుల్లోంచి దిగిన సూర్యుడి ప్రతిబింబాలే. గ్రహణం వేళ అవన్నీ ఒక అంచున కొరికినట్టుగా మారతాయి. సూర్యుణ్ని నేరుగా చూడకూడదు కాబట్టి, అట్టపెట్టెకు ఒకవైపు సూదితో చిల్లు పెట్టి, ఎదుటివైపు నూనె రాసిన కాగితం అతికించి చేసే పెట్టెలను ఈ ఏడాది నుంచే పిల్లల చేత చేయిస్తున్నాను. పెట్టె పొడవు పెంచితే బింబం ఎందుకు పెద్దదై మసకబారుతోందో నాలుగో తరగతి పిల్లలు ఇప్పుడు కొలుస్తున్నారు. కర్నూలు స్నేహితురాలి బడిలోనూ అవే పెట్టెలు తయారవుతున్నాయి. ఆ సాయంత్రం రెండు బడుల పిల్లలూ పది నిమిషాలకోసారి బింబం గీసి, గీసిన బొమ్మలను ఫోన్‌లో ఒకరికొకరు పంపుకోవాలని అనుకున్నాం. ఇంకో బడి ఏదైనా, కడప వైపు నుంచి అయితే మరీ మంచిది, మాతో కలవదలిస్తే పెట్టె కొలతలు పంపడానికి సిద్ధంగా ఉన్నాను.